కళ్లంలో సున్నపు గీత

మంగళవాడ,
3-8-1986

అన్నకు,

తమ్ముడు అంజినప్ప నమస్కారాలు. వదినను, పిల్లలను అడిగినట్టు చెప్పు. ఇక్కడ అందరం కులాసా, వాన ఒక్కటే లేదు.

శెనక్కాయ విత్తి ఇరవై నాలుగు రోజులైంది. నాలుగాకులు వేసి ఆగిపోయింది. రోజూ మధ్యాహ్నం నాగలమడిక వైపు మబ్బు పడుతుంది, వెంటనే గాలి లేస్తుంది, మబ్బును ఎటో తోసుకుపోతుంది. ఇంట్లో కూర్చోలేను, పొలంలో నిలబడలేను. చేసే పనేమీ లేకపోయినా రోజుకు మూడుసార్లు పోయి వస్తున్నాను. "నువ్వు పోతే వాన వస్తాదా? చెప్పులు అరిగిపోయేది తప్ప" అంటోంది నీ మరదలు ఈరక్క. నిజమే, కానీ కాళ్లు ఊరుకోవు.

ఒక సంగతి చెప్పాలి. పోయిన సోమవారం అర్జీ ఒకటి ఇవ్వడానికి పావగడ పోయాను. ఆఫీసుల వెనక మైదానంలో జనం మూగి ఉంటే ఏ గొడవో అనుకుని పోయి చూశాను. బాల్ బ్యాడ్మింటన్ ఆట. పసుపుపచ్చ ఉన్ని బంతి, పొడుగు పిడి బ్యాట్లు, నడుమ నెట్టు, ఈ పక్క ఐదుగురు, ఆ పక్క ఐదుగురు. బ్యాంకు గుమాస్తాలు, మేష్టర్లు, బట్టలంగడి ఆయన, ఆయన దగ్గర బట్టలు కుట్టేవాడు, అందరూ ఒకే జట్టులో. పోయినేడు దాకా ఇది ఎవరికీ పట్టలేదు. ఈ ఏడు పావగడంతా ఇదే పిచ్చి. నిడుగల్లులో కూడా మొదలైందట.

మన ఊరి పహణీలు, పొలం కొలతలు చూసే కొత్త లెక్కిగ తిప్పేస్వామి అక్కడే ఉన్నాడు. నన్ను చూసి, "రాప్పా అంజినప్పా, ఒకాయన తక్కువుండాడు" అని బ్యాటు చేతిలో పెట్టాడు. అన్నా, నాకు ముప్ఫై నాలుగేళ్లు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా ఆడాను. ఆ అరగంటలో ఒక్కసారి కూడా మబ్బు సంగతి గుర్తు రాలేదు. ఇంటికి వచ్చి ఈరక్కకు చెబితే నా నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

వెంటనే జవాబు రాయి.

నీ తమ్ముడు,
అంజినప్ప


బెంగళూరు, పీణ్య,
17-8-1986

అంజినప్పా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది.

పైరు నిలువునా ఎండుతుంటే నువ్వు బ్యాటు పట్టుకుని గంతులేశావా? ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు వాన వచ్చినా జీతం, రాకపోయినా జీతం. వాళ్లు ఆడతారు, వాళ్లకు చెల్లుతుంది. మనకేం చెల్లుతుంది? ఊళ్లో ఎవరైనా చూస్తే ఏమంటారు? పెద్దోడు ఊరు విడిచిపోయినాడు, చిన్నోడికి బుద్ధి విడిచిపోయింది అంటారు. ఇక మీదట బ్యాటు, బంతి అని నాకు రాయొద్దు. మాట ఇవ్వు.

ఇక్కడ నాకు ఈ వారం రెండో షిఫ్టు. మిషన్ల మోత చెవుల్లోంచి పోదు. ఆదివారం సెలవున్నా ఇంట్లో కాలు నిలవదు. మీ వదిన ఉన్న ఒక్క గదిలోనే వంట, అందులోనే పడక అని సణుగుతుంది, నేను చొక్కా తగిలించుకుని బయట పడతాను. మెజెస్టిక్ దాకా పోయి, పావగడ బస్సు దిగేవాళ్ల ముఖాలు చూసి, తెలిసినవాళ్లు కనబడితే వాన పడిందా అని అడిగి వస్తాను. మూడేళ్లుగా ఒకటే జవాబు.

పెద్దవాడు రెండో క్లాసుకు వచ్చాడు. నాతో కూడా కన్నడంలోనే మాట్లాడుతున్నాడు. నేను తెలుగులో అడిగితే వాడు కన్నడంలో చెబుతాడు, అలా గడిచిపోతోంది.

కళ్లం గట్టు తెగిందన్నావు అంతకుముందు ఉత్తరంలో. వేయించు. పంట వచ్చినా రాకపోయినా నాయన చేసిన కళ్లం పాడు పెట్టొద్దు.

నీ మేలు కోరే అన్న,
నరసింహప్ప


మంగళవాడ,
10-9-1986

అన్నా,

నువ్వు చెప్పినట్టే, ఆ ఆట పేరు ఈ ఉత్తరంలో ఎత్తను. ఇక ఏ ఉత్తరంలోనూ ఎత్తను.

శెనక్కాయ అయిపోయింది. పూత లేదు, ఊడలు దిగలేదు. మొన్న గొర్రెలను తోలించేశాను. అవి తింటుంటే గట్టు మీద కూర్చుని చూశాను. ఈరక్క రాలేదు. "నేను చూడలేను, నువ్వు చూసి రాపో" అంది.

కళ్లం సంగతి రాశావు కదా. గట్టు వేయించాను. గడ్డి చెక్కించి, రాళ్లు ఏరించి, ఎత్తుపల్లాలు కొట్టించి పేడతో అలికించాను. ఈ ఏడు అందులోకి వచ్చే పంట లేదు, అయినా అద్దంలా ఉంది. నువ్వు చూస్తే సంతోషపడతావు. లెక్కిగ తిప్పేస్వామి కూడా వచ్చి చూసి, ఈ చుట్టుపక్కల ఇంత సమంగా ఉండే నేల ఇంకొకటి లేదన్నాడు. ఆయన మంచివాడు. ఈ మధ్య తరచూ సాయంత్రాలు మన దగ్గరికే వస్తున్నాడు. ఇంకా చాలామంది వస్తున్నారు. పని లేని సంవత్సరం కదా, ఎక్కడో ఒకచోట నలుగురు చేరాలి.

ఎక్కువ రాయడానికి ఏమీ లేదు. దసరాకు వస్తారు కదా?

అంజినప్ప


బెంగళూరు,
5-10-1986

అంజినప్పా,

దసరాకు రావడం లేదు. ఎందుకో చెబుతాను.

పోయిన ఆదివారం మెజెస్టిక్‌లో నాగలమడిక ఓబన్న దిగాడు, ఇక్కడ కూలి దొరుకుతుందేమోనని. టీ తాగించాను. గ్లాసు కింద పెట్టకముందే అన్నాడు: "ఏందప్పా నరసింహప్పా, మీ కళ్లంలో లెక్కిగ టేపు పట్టుకోనుండాడు. ఆ కొస మీ తమ్ముడు పట్టుకోనుండాడు. నడిమికి సరిగ్గా సున్నం గీత కొట్టినారు, గుంజలు నాటినారు. గీతకు ఆ పక్క మీ తమ్ముడు, ఈ పక్క మీ దాయాది చిక్కన్న. నేను బస్సులోంచి కండ్లారా చూసినా. నీకు తెలీదా?"

తెలుసని చెప్పాను. తెలియదని ఎలా చెప్పను?

లెక్కిగ టేపుతో వచ్చి, నడుమ సున్నం పోసి, గుంజలు నాటితే అది దేనికో మన తాలూకాలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ మాట నేను ఈ కాగితం మీద రాయలేను. నాయన ఉన్నన్నాళ్లూ మన ఇంట్లో ఎవరూ ఆ మాట నోట రానివ్వలేదు. చిక్కన్న తొమ్మిదేళ్లుగా గట్టు తగాదాలో మనతో మాటల్లేకుండా ఉన్నాడు. వాణ్ణి పక్కన నిలబెట్టుకుని చేశావా?

నాకు పెద్ద జాబు వద్దు. ఒక్క మాట రాయి. ఆ గీత నువ్వు గీశావా, లేదా?

నరసింహప్ప


మంగళవాడ,
19-10-1986

అన్నకు,

నీ ఉత్తరం అందింది. దాచాలనుకున్నది నెల రోజులు కూడా దాగలేదు. గీసింది నేనే.

ఓబన్న చెప్పినదంతా నిజం. నువ్వు ఒప్పుకోవని తెలిసే నీకు చెప్పలేదు. మాట తప్పినవాణ్ణి, ఎన్ని తిట్టినా పడతాను. కానీ అన్నా, ఇప్పుడు చెరిపేయమంటే మాత్రం నా వల్ల కాదు. ఇది నా ఒక్కడి సంగతి కాదిప్పుడు. ఊరంతా ఇందులోకి దిగింది. గీత వేసిన రోజు చూడటానికి రామాంజినప్ప తాత కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. ఈరక్క మొదట గొడవ చేసింది, ఇప్పుడు చెరిగినచోటల్లా తనే సున్నం కలిపి ఇస్తోంది.

చిక్కన్నతో కలిసినందుకు నీకు కోపం. అవతలి పక్క ఒక మనిషి లేకపోతే ఇది జరగదు కదా. వాడంతట వాడే వచ్చి, "నేను ఈ పక్క ఉంటా లేప్పా" అన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత నాతో వాడు మాట్లాడిన మొదటి మాట అది.

ఈ కరువులో మనిషి పిచ్చివాడు కాకుండా ఉండాలంటే ఏదో ఒకటి చేయాలి అన్నా. నేను ఇది చేశాను. నీ చోటు నీకు ఎప్పుడూ ఉంటుంది. నువ్వు వచ్చినప్పుడు ఏ పక్క కావాలంటే ఆ పక్క తీసుకో. పడమటి పక్క మంచిది, సాయంత్రం ఎండ కళ్లలో పడదు.

కోపం తగ్గించుకో.

అంజినప్ప


బెంగళూరు,
3-11-1986

అంజినప్పకు,

ఎండ పడని పక్క నాకిస్తావా? నాయన కొట్టి, అలికి, నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని ఎడ్లు తోలిన కళ్లంలో ఏ పక్క మంచిదో నువ్వు నాకు చెబుతావా?

దీపావళి నాడు నీ ఉత్తరం చేరింది. పిల్లలు బయట మతాబులు కాలుస్తుంటే లోపల కూర్చుని చదివాను. మీ వదిన ఏమైందని అడిగితే ఉత్తరం ఆమె చేతికిచ్చాను. ఆమె చదివి, "అంజినప్ప ఇట్లా రాసే మనిషి కాదు. ఒకసారి పోయి అడుగు" అంది. ఏం పోవాలి? నువ్వే గీశానని రాశావు. ఊరంతా ఒప్పుకుందని రాశావు. నా మరదలు సున్నం కలిపిందని రాశావు.

అందుకని రాయలేనన్న ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను. భాగాలు. నీకు భాగాలు కావాలి. తీసుకో.

దీంతోపాటు స్టాంపు కాగితం ఉంది. నేను సంతకం పెట్టాను. బావి పక్క నాలుగెకరాలు నీకు, దిన్నె మీది నాలుగు నాకు. కళ్లం మీరు గీసుకున్నట్టే. నువ్వు కూడా సంతకం పెట్టి, నీ స్నేహితుడు లెక్కిగకు ఇచ్చి పహణీలో పేర్లు వేరు చేయించుకో. నా భాగం నేనేం చేసుకుంటానో అడగొద్దు.

ఇక రాయవద్దు.

నరసింహప్ప


మంగళవాడ,
12-11-1986

అన్నా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను, చింపేయకుండా చదువు.

అది ఆట అన్నా. బాల్ బ్యాడ్మింటన్. ఆ గీత ఆట గీత. ఆ గుంజలు నెట్టు కట్టడానికి. లెక్కిగ టేపుతో కొలిచింది ఆట స్థలం. మన కళ్లం పొడుగుకు సరిపోయింది, వెడల్పుకు రెండు మూడడుగులు తగ్గింది, దానికే ఆయన అంతసేపు కొలిచాడు. ఆట పేరు ఎత్తొద్దని నువ్వు మాట తీసుకుంటే, నేను పేరు ఎత్తకుండా ఆడాను. నువ్వు ఆ గీత గీశావా అంటే ఆట సంగతి తెలిసిపోయిందనుకున్నాను. ఆ భయంలోనే ఆ జాబు రాశాను. అందులో ఏం రాశానో ఇప్పుడు ఈరక్కకు గుర్తున్నంతవరకు చెబితే తల బాదుకుంది. "నీ పాసుగూల! ఆట అని ఒక్క మాట రాసుంటే ఏం పోయుండె?" అని నన్ను వాకిట్లో నిలబెట్టి తిట్టింది.

నీ రిజిస్టరు ఉత్తరం కళ్లంలోనే అందింది. పాయింట్లు ఇరవై ఆరు, ఇరవై నాలుగు. ఇరవై తొమ్మిదికి ఆట. కవరు చింపి అక్కడే చదివి బ్యాటు కింద పెట్టేశాను. తిప్పేస్వామి కాగితం తీసుకుని చదివాడు. ఆయన ముఖం నల్లబడింది. "నేను యాడికి పోయినా టేపు తీస్తే జనం ఏడుస్తారప్పా. ఈడ ఒక్కచోట నవ్వినారని సంబరపడితిని" అన్నాడు. చిక్కన్న వచ్చి నెట్టు విప్పేశాడు. నేను గుంజలు పీకేశాను. మరుసటి రోజు ఈరక్క గీత మీద పేడ అలికింది.

ఇంతమంది ఎందుకు వచ్చేవాళ్లో నీకు చెప్పనేలేదు. పొద్దుటి నుంచి వాకిళ్లలో కూర్చుని ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్లు నాలుగున్నరకల్లా కళ్లం చేరేవాళ్లు. ఉన్నవి ఆరు బ్యాట్లు. నలుగురు చెక్కతో చేయించుకున్నారు. కళ్లంలోకి చెప్పులతో ఎవరినీ రానివ్వలేదు. లెక్కిగ కూడా క్యాన్వాస్ బూట్లు విప్పి గట్టు మీద పెట్టే అడుగు పెట్టేవాడు. హొన్నమ్మ అత్త గట్టు మీద కూర్చుని ఎవరు గెలిచినా తిట్టేది. చిక్కన్న, నేను ఒక రోజు బంతి గీత మీద పడిందా, బయట పడిందా అని అరగంట కొట్లాడుకున్నాం. కొట్లాట అయ్యాక వాడు మా ఇంట్లో నీళ్లు తాగి పోయాడు. మన గట్టు తగాదా ఏనాడూ అలా ముగియలేదు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు అన్నా. నేను భాగాలు అడిగానని ఎవరో బస్సులోంచి చూసి చెబితే, నువ్వు బస్సెక్కి వచ్చి నా చెంప పగలగొట్టలేదేం? కాగితం ఎలా పంపావు? వదినకు అనుమానం వచ్చింది, నీకు రాలేదా?

నీ కాగితం నీకే వెనక్కి పంపుతున్నాను. నేను సంతకం పెట్టలేదు.

అంజినప్ప


బెంగళూరు,
30-11-1986

తమ్ముడూ,

నువ్వు రాసి పద్దెనిమిది రోజులైంది, జవాబు రాయలేదు. రాయాలని కూర్చోవడం, లేవడం. రెండు పూటలు షిఫ్టు కూడా తప్పాను.

వదినకు అనుమానం వచ్చింది, నీకు రాలేదా అని అడిగావు. వచ్చింది అంజినప్పా. నీ ఉత్తరంలో ఏదో అతకలేదని నాకూ తెలుసు. నేను దాన్ని గట్టిగా పట్టి చూడలేదు. చూస్తే పోతుందని భయం.

ఆ స్టాంపు కాగితం వెనక, అమ్మినవాడు తారీఖు రాస్తాడు. నువ్వు చూసి ఉండవు. ఇరవై ఏడు, జూన్. నువ్వు ఇంకా విత్తనం కూడా వేయలేదు. బ్యాటు అనే మాట కూడా మన మధ్య లేదు. నేనే కొన్నాను. కొని పెట్టె అడుగున దాచాను. మీ వదినకు కూడా చెప్పలేదు.

ఆకాశం చూసే బతుకు నాకు చాలైపోయింది. పిల్లలు ఇక్కడివాళ్లయిపోయారు. నా నాలుగెకరాలు అమ్మేసి ఇక్కడే నిలబడిపోవాలనుకున్నాను. కానీ నీ ముఖం చూసి ఎలా అడగను? నాయన పోయేటప్పుడు నీ చేయి నా చేతిలో పెట్టాడు. మూడు నెలలు ఆ కాగితం పెట్టుకుని కుదురు లేకుండా తిరిగాను. అప్పుడు ఓబన్న వచ్చి ఆ మాట చెప్పాడు. నేను ఏడ్చాను, అది అబద్ధం కాదు. కానీ ఏడుస్తూనే లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకున్నాను. అడిగిన పాపం నీది, ఇచ్చిన పెద్దరికం నాది అయిపోతుందని. నిన్ను తిడుతూ రాసిన ప్రతి మాటా నాకు తగిలేదే.

ఆట మానుకోమన్నదీ నేనే. నాకు ఇక్కడ లేని నిమ్మళం నీకు అక్కడ అరగంట దొరికిందని రాస్తే ఓర్వలేకపోయాను. నెట్టు మళ్లీ కట్టండి. చిక్కన్నకు నా మాటగా చెప్పు.

నన్ను ఏమనాలో అను. అది చదవడానికి సిద్ధంగా ఉన్నాను.

నరసింహప్ప


మంగళవాడ,
9-12-1986

అన్నా,

నెట్టు నువ్వు చెప్పకముందే ఊళ్లోవాళ్లు కట్టేశారు. నేను వద్దన్నా వినలేదు. నిడుగల్లు వాళ్లు వచ్చే ఆదివారం మన ఊరికి ఆడటానికి వస్తున్నారు. నాగలమడికలో కూడా ఒక జట్టు తయారైంది, అందులో ఓబన్న తమ్ముడు ఉన్నాడు. ఆ ఆట ఇప్పుడు నా చేతిలో లేదు, నీ చేతిలో లేదు.

నీ ఉత్తరంలో ఒక మాట తప్పు. తారీఖు నేను చూశాను. ఆ రోజు కళ్లంలోనే, తిప్పేస్వామి కాగితం తిప్పి చూసి, ఆ తారీఖు మీద వేలు పెట్టి నాకు అందించాడు. నేనూ చూశాను. అందరి ముందూ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈరక్కకు ఇప్పటికీ చెప్పలేదు. మూడు రోజులు అన్నం సరిగా తినలేదు, అది మాత్రం ఆమె కనిపెట్టింది. తారీఖు సంగతి నీకు రాద్దామా అని చాలాసేపు ఆలోచించాను. నేను రాస్తే నువ్వు దొంగలా దొరికిపోతావు. నువ్వే చెప్పాలనుకున్నాను. చెబుతావో లేదోనని ఈ పద్దెనిమిది రోజులు నేను పడిన అవస్థ నీకు తెలియదు. పోస్టుమ్యాన్ వచ్చే వేళకు రోడ్డు మీదికి పోయి నిలబడేవాణ్ణి.

నీ మీద కోపం ఉంది. లేదని రాస్తే మళ్లీ దాచినట్టే అవుతుంది. నాకు ముందే చెప్పి ఉంటే ఏడ్చేవాణ్ణి, తర్వాత ఇచ్చేవాణ్ణి. వాన కోసం చూడటం నీకు చాలైపోయిందంటే నాకు అర్థం కాదా? నాకూ చాలైపోయింది. నాకు పోవడానికి చోటు లేదు, అంతే.

నాలుగెకరాలు నీవి. అమ్ముకుంటావో, బీడు పెట్టుకుంటావో నీ ఇష్టం. చిక్కన్న కొంటానని ఇప్పటికే అడిగాడు. బయటివాళ్లకు పోవడం కంటే అది మేలని ఈరక్క అంటోంది. కళ్లం మాత్రం ఇద్దరి పేరు మీదే ఉండాలి. అది ఒక్కటే నేను అడిగేది.

కానీ పోస్టులో కాదు అన్నా. కాగితం పంపితే మళ్లీ వెనక్కి పంపుతాను, ఎన్నిసార్లు పంపితే అన్నిసార్లు. నువ్వు రా. వదిననూ పిల్లలనూ తీసుకుని రా. వచ్చిన పూట కూర్చుని తిను, మరునాడు నన్ను పొలానికి తీసుకుపో. నా ఎదురుగా నిలబడి, అంజినప్పా, నా భాగం నాకివ్వరా అని నోరు తెరిచి అడుగు. ఆ మాట నీ నోటి నుంచి విన్నాక అక్కడే సంతకం పెడతాను. నువ్వు అడగలేకపోతే మాత్రం నేను ఆ సంగతి ఎత్తను.

శనివారం సాయంత్రం బస్సుకు రోడ్డు మీద ఉంటాను.

నీ తమ్ముడు,
అంజినప్ప